నేను తీసేసిన టిక్కు

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను! బీఏ, అన్ని పేపర్లూ! మా వంశంలో మొట్టమొదటి పట్టభద్రుణ్ణి నేనే. వయసు అరవై రెండు.

ఈ ముక్క చెప్పకుండా ఇంకో వాక్యం రాయడం నా వల్ల కాలేదు, ఏమీ అనుకోకండి. ఇవాళ పొద్దున పదకొండింటికి ఫలితాలు వచ్చాయి. ఫోన్‌లో నా నంబరు కొట్టి చూశాను. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టాను. మూడోసారి మా ఆవిడ చేత కొట్టించాను. "ఎన్నిసార్లు చూసినా అదేగా ఉంది, పాసే" అని ఆవిడ పప్పుకి తాలింపు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళి, తాలింపు మాడ్చింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ తాలింపు మాడ్చడం నేను చూడలేదు. అంటే సంతోషం ఆవిడకీ ఉంది, బయటికి చెప్పడం లేదంతే.

మా నాన్న బెజవాడ వన్‌టౌన్‌లో బస్తాలు మోశాడు. నేను పదో తరగతితో ఆగిపోయి రేడియో రిపేర్ల దగ్గర చేరాను. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీల పక్కన కంప్యూటర్లొచ్చాయి. వచ్చినదాన్నల్లా విప్పి చూస్తూ, బిగిస్తూ, గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపులో సర్వీసు మెకానిక్‌గా రిటైరయ్యాను. మరి ఈ వయసులో డిగ్రీ ఎందుకని అడుగుతున్నారు అందరూ. దానికి జవాబు ఒక రిపేరు. నా సర్వీసు మొత్తంలో నేను సిగ్గుపడే రిపేరు అదొక్కటే, గర్వపడేదీ అదే. ఇప్పుడిప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను.

ముందు మా షాపు పద్ధతి చెప్పాలి. ఒకప్పుడు మేం హోమ్ థియేటర్ పీసీలు బాగా అమ్మేవాళ్ళం. అంటే పెద్ద టీవీ కింద పెట్టుకునే చిన్న కంప్యూటర్. పెళ్ళి వీడియోలు, సినిమాలు, పాటలు అన్నీ దాన్లో వేసుకుని రిమోట్‌తో చూడటమే. ప్రతి పెట్టెలోకీ అన్నీ మొదట్నుంచి ఎక్కించాలంటే సగం రోజు పోతుంది. అందుకని ఒక హార్డ్ డిస్కులో అన్నీ శుభ్రంగా ఎక్కించి పెట్టుకున్నాం. దాన్ని తల్లి డిస్కు అనేవాళ్ళం. కొత్త పెట్టె రాగానే తల్లి డిస్కు నుంచి కాపీ కొట్టడం, ఒక పాట వేసి చూడటం, అట్టపెట్టెలో పెట్టి పంపడం. గంటలో పని అయిపోయేది. ఆ తల్లి డిస్కుని తయారుచేసింది నేను. దాని మీద నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాణ్ణి కాదు.

ఏడేళ్ళ కిందట, గన్నవరం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. బ్యాంకు ఉద్యోగి. మా దగ్గర పెట్టె తీసుకుని ఏడాదైంది.

"ఏం లేదండీ, బొమ్మ సరిగా రావట్లేదంటోంది మా అమ్మ. మాకైతే బాగానే ఉంది. మీరొకసారి వచ్చి చూస్తే ఆవిడకి తృప్తిగా ఉంటుంది."

తృప్తి కోసం చేసే రిపేర్లు మా పనిలో చాలా ఉంటాయి. వెళ్ళాను. వాళ్ళమ్మగారు మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచర్. రిటైరయ్యే నాటికే వినికిడి తగ్గుతూ వచ్చి, తర్వాత పూర్తిగా పోయింది. చెవి మిషన్ పెట్టుకున్నా లాభం లేదన్నారట. అయినా ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పెదవులు చూసి మాట పట్టుకునేవారు. ఎవరూ నేర్పలేదు, ఆవిడే సాధన చేసి నేర్చుకున్నారు. అంత పెద్ద టీవీ కొడుకు కొన్నదీ అందుకే, మనుషుల ముఖాలు పెద్దగా కనపడాలని.

నేను నమస్కారం పెట్టి సమస్య ఏంటని అడిగాను. ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసి నవ్వారు.

"నీ మీసం అడ్డం వస్తోంది నాయనా. మీసం మాట్లాడుతున్నట్టుంది గానీ నువ్వు మాట్లాడుతున్నట్టు లేదు."

అప్పట్లో నా మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసేది. కాగితం మీద రాసి అడిగితే, సంగతి చెప్పారు.

ఏడాది కిందట వాళ్ళ మనవడి పెళ్ళి అయింది. చర్చి పక్కన షామియానా వేసి విందు చేశారు. ఆ వీడియోలో ఆవిడ అక్కగారు కెమెరా ముందుకొచ్చి ఒక నిమిషం మాట్లాడారు. పెళ్ళయిన రెండు నెలలకి అక్కగారు పోయారు. మన పెళ్ళి వీడియోల సంగతి మీకు తెలుసుగా, ఎవరేం మాట్లాడినా తీసేసి పైన పాట వేసేస్తారు. అక్కగారి నిమిషం మీద కూడా ఒక హుషారైన సినిమా పాట ఉంది. పాట లేని అసలు రికార్డింగ్ ఆ వీడియో తీసినతను చెరిపేశాడట. కాబట్టి ఆవిడ ఏమన్నారో చెవులున్న వాళ్ళెవరికీ తెలియదు. తెలుసుకోగలిగింది టీచర్ గారొక్కరే.

"కానీ నాకు అందట్లేదు" అన్నారు టీచర్ గారు. "అక్క పెదవులు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ఒక్క మాట కూడా పట్టుకోలేకపోతున్నా."

ఫోన్‌లో చూద్దామంటే మనిషి ముఖం బియ్యపు గింజంత ఉంటుంది. టీవీకి నేరుగా పెన్‌డ్రైవ్ పెడితే, అది కాస్త పాత టీవీ, ఆ ఫైలు దానికి పడలేదు. ఇక ఉన్నది మా పెట్టె ఒక్కటే.

నేను పెట్టె విప్పి దుమ్ము దులిపాను. కేబుల్ మార్చాను. డ్రైవర్లు, అంటే లోపలి చిప్పుల్ని నడిపే సాఫ్ట్‌వేర్లు, కొత్తవి ఎక్కించాను. తర్వాత మా షాపు అలవాటు ప్రకారం ఒక పాట వేశాను. సౌండ్ గణగణలాడింది. బొమ్మ తళతళలాడింది. కొడుకూ నేనూ తలలూపుకున్నాం. "అయిపోయిందండీ" అని వచ్చేశాను.

పది రోజులకి మళ్ళీ ఫోన్. "అమ్మ అట్లాగే ఉందంటోందండీ." మళ్ళీ వెళ్ళాను. ఈసారి పెళ్ళి వీడియోనే వేయించాను. పాట వస్తోంది, జనం తిరుగుతున్నారు, వడ్డనలు జరుగుతున్నాయి. ఎక్కడా ఆగలేదు. పెట్టె వేడెక్కుతుందేమోనని చెయ్యి పెట్టి చూశాను. కాస్త వేడిగా ఉంది, మే నెల, బెజవాడ చుట్టుపక్కల ఏ వస్తువు చల్లగా ఉంటుంది?

అప్పుడు నేను ఒక మాట అన్నాను. పిల్లలూ, సర్వీసు పనిలో ఈ మాట అనాలనిపించినప్పుడు నాలుక కరుచుకోండి.

"పెట్టెలో ఏ లోపమూ లేదు టీచర్ గారూ. ఒకసారి మీ కళ్ళు చూపించుకోండి."

మీసం అడ్డం ఉంది కాబట్టి కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకున్నారు.

షాపుకి వచ్చి ఈ సంగతి చెబితే, మా కౌంటర్లో కూర్చునే అమ్మాయి నా వైపు అదోలా చూసింది. బీకాం చదివిన పిల్ల, నోరు మంచిది కాదు.

"బాబాయ్ గారూ, ఆవిడకి మిగిలినవి ఆ కళ్ళే కదా. అవీ పోయాయని చెప్పొచ్చారా?"

"నేను చెక్ చేశానమ్మా."

"ఏం చెక్ చేశారు? పాటేగా?"

నేను కోపంగా టీ తాగడానికి వెళ్ళిపోయాను. కానీ ఆ మాట నాతోపాటే టీ కొట్టు దాకా వచ్చింది.

మూడు వారాల తర్వాత నా ఫోన్‌కి ఒక మెసేజ్. తెలుగులో, ఒక్క అచ్చు తప్పు లేకుండా ఉంది. "కంటి డాక్టరుకు చూపించుకున్నాను. కొత్త అద్దాలు ఇచ్చారు. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. మరి లోపం నా బుర్రలో ఉండి ఉండాలి. అయినా దయచేసి ఒక్కసారి రాగలవా? ఈసారి నేను చూపిస్తాను, నువ్వు చూడు."

ఆ తర్వాత కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మ మూడు వారాల్నుంచి చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళట్లేదండీ. ఎవరేం అన్నా తప్పుగా పట్టుకుంటానేమో అని భయం పట్టుకుంది. ఎదురుగా మాట్లాడితే బాగానే అర్థం చేసుకుంటోంది, అయినా మనుషుల్లోకి రానంటోంది. టీవీలో అందనిది రేపు బయట కూడా అందకుండా పోతుందని."

మర్నాడు పొద్దున్నే మంగలి షాపుకి వెళ్ళి మీసం తీసెయ్యమన్నాను. "ఎవరన్నా పోయారా అండీ?" అని అడిగాడు. "ఇంకా లేదు" అన్నాను.

గన్నవరం చేరేసరికి టీచర్ గారు టీవీ ముందు రెండు కుర్చీలు వేయించి ఉంచారు, ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. నా ముఖం చూసి, "ఇప్పుడు మనిషివి కనపడుతున్నావు" అన్నారు. అక్కగారు మాట్లాడే చోటుకి వీడియో జరిపి, రిమోట్ నా చేతిలో పెట్టారు.

"సౌండ్ తీసెయ్."

"తీసేస్తే ఎట్లా తెలుస్తుందండీ?"

"నాకు తెలిసేది అట్లాగే కదా నాయనా."

తీసేశాను. పాట ఆగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మొదటిసారి బొమ్మని చూశాను. అంతకుముందు రెండుసార్లూ నేను చూసింది పాటని. అక్కగారి పెదవులు విచ్చుకుంటున్నాయి, అక్కడే నిలిచిపోతున్నాయి, ఉన్నట్టుండి మూసుకుంటున్నాయి. మధ్యలో ఉండాల్సింది లేదు. ఆరు బొమ్మలు రావలసిన చోట ఒకటి వస్తోంది, అయిదు ఎగిరిపోతున్నాయి. పాట ఉన్నంతసేపూ మన మనసు ఆ గుంటల్ని పూడ్చేస్తుంది. పాట తీసేస్తే గుంటలే మిగిలాయి. వీటిలోంచి మాట ఏరుకోవడం ఎవరి తరం?

"కనిపించిందా?" అన్నారు టీచర్ గారు.

కనిపించిందని తల ఊపాను.

పెట్టెలో ఎవరెంత పని చేస్తున్నారో చూపించే కిటికీ ఒకటి ఉంటుంది. తెరిచాను. ప్రాసెసర్ నూటికి నూరు పాళ్ళు పనిచేస్తూ ఆయాసపడుతోంది. వీడియో పని కోసమే పెట్టిన గ్రాఫిక్స్ చిప్పు మాత్రం చల్లగా నిద్రపోతోంది. అయిదొందల మంది విందుకి వంట మాస్టర్ని పిలిపించి, అరుగు మీద కూర్చోబెట్టి, ఇంటావిడ ఒక్కతే పొయ్యి ముందు చస్తున్నట్టుంది వ్యవహారం. పాత వీడియోలు చిన్నవి కాబట్టి ఇంటావిడ ఎలాగో నెట్టుకొచ్చింది. ఈమధ్య కెమెరాలు తీసే పెద్ద వీడియోలు ఆవిడ వల్ల కావడం లేదు. సౌండ్ ఆగకూడదని బొమ్మలు వదిలేస్తోంది.

మరి వంట మాస్టర్ని లోపలికి రావద్దన్నదెవరు? వీడియో ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్ళాను. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అన్న చోట ఒక చిన్న చదరపు గడి. అందులో టిక్కు ఉంటేనే వీడియో పని గ్రాఫిక్స్ చిప్పుకి వెళ్తుంది. ఖాళీగా ఉంది.

దగ్గరికి వంగి ఆ ఖాళీ గడిని మళ్ళీ చూశాను. అది నాకు తెలిసిన గడి.

అప్పటికి నాలుగేళ్ళ కిందటి మాట. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం కాలనీలో ఒక ఇంజినీరు గారికి పెట్టె ఇచ్చాం. ఆయనకి బొమ్మ అంతా ఆకుపచ్చగా వచ్చేది. రెండ్రోజులు కొట్టుకున్నాను. ఆ టిక్కు తీసేస్తే ఆకుపచ్చ పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలియదు, తెలుసుకోలేదు. పోయిందిగా, చాలు! షాపుకి తిరిగొచ్చి, రేపు ఇంకెవరికన్నా ఇలా రాకూడదని తల్లి డిస్కులోనే ఆ టిక్కు తీసిపారేశాను. మహా తెలివైన పని చేశాననుకుని ఆ రోజు అందరికీ పునుగులు కూడా తెప్పించాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. ఆ నాలుగేళ్ళలో మా షాపు గుమ్మం దాటిన ప్రతి పెట్టె ఆ ఖాళీ గడిని మోసుకుని వెళ్ళింది.

మా పనిలో ఒక దివ్యమంత్రం ఉంది. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమండీ, సెట్ చేశాను." ఈ మంత్రం వేస్తే ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. అది నా నాలుక చివరికి వచ్చింది. కానీ పక్కన కూర్చున్నావిడ ముఖాలు చదివే మనిషి. పైగా నాకు మీసం లేదు.

"ఏంటి నాయనా, అట్లా అయిపోయావు?"

"తప్పు నాది టీచర్ గారూ. మీ కళ్ళది కాదు, మీ బుర్రదీ కాదు. నేనే చేశాను."

"మళ్ళీ చెప్పు."

అందలేదేమో అనుకుని ఇంకా స్పష్టంగా చెప్పాను. "తప్పు నాదండీ. మీ కళ్ళు బాగున్నాయి."

"మొదటిసారే అర్థమైంది. ఇంకోసారి చూద్దామనిపించింది" అన్నారు.

టిక్కు పెట్టాను. ఆ ఇంజినీరు గారి ఆకుపచ్చ ఇక్కడా వస్తుందేమోనని తెర వంకే చూశాను. రాలేదు. మొదటి రోజు నేను ఎక్కించిన కొత్త డ్రైవర్ దాన్ని చూసుకుంది. ఆయాసపడే ప్రాసెసర్ చల్లబడింది, వంట మాస్టరు లేచి గరిట పట్టాడు.

అక్కగారు మాట్లాడటం మొదలుపెట్టారు. పెదవులు నీళ్ళలా కదిలాయి.

టీచర్ గారు ముందుకి వంగారు. కొడుకు వెనకాల నిలబడి, "ఏమంటోందమ్మా పెద్దమ్మ?" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి ఆ ప్రశ్న ఆవిడకి అందలేదు. నిమిషం అయిపోయింది. వెనక్కి జరిపి మళ్ళీ వెయ్యమని నాకు వేలు తిప్పి చూపించారు. వేశాను. రెండోసారి సగంలో ఉండగా ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని కొడుకు కంగారుగా ముందుకొచ్చాడు. ఆవిడ నవ్వుతున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నారు.

"ఏంటమ్మా? చెప్పవే!"

"ఏమంటోందా? 'ఇదుగో, మా చెల్లి కట్టుకుని తిరుగుతోందే ఆ పట్టుచీర, అది నాది. ఒక్క పూటకని పట్టుకెళ్ళింది. ఇక ఇవ్వదు. మీరందరూ సాక్ష్యం' అంటోంది. కెమెరా వాడికి చెప్తోంది, చూడు!"

"మరి ఇచ్చేశావా?"

"ఎక్కడా! బీరువాలోనే ఉంది."

కొడుకు కుర్చీ పట్టుకుని వంగి మరీ నవ్వాడు. కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, సంగతేంటో తెలియకుండానే నవ్వింది. ఏడాది పాటు వాళ్ళందరూ ఆ నిమిషం మీద ఆ హుషారు పాటే విన్నారు పాపం.

నవ్వులు ఆగాక కొడుకు అడిగాడు. "అదేనా? చివర్లో ఇంకేదో అన్నట్టుందే."

"అన్నది. అది నాతో అన్నది" అని టీచర్ గారు టీవీ ఆపేశారు. ఆ మాటేంటో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కాఫీ ఇచ్చారు. నేను తల్లి డిస్కు సంగతంతా చెప్పాను, ఇబ్రహీంపట్నం నుంచి పునుగుల దాకా. ఆవిడ ఒక్క మాట పోకుండా పట్టుకుని, ఒక ప్రశ్న వేశారు.

"టిక్కు తీస్తే ఎందుకు బాగైందని అప్పుడే ఎందుకు చూసుకోలేదు?"

"ఎట్లా చూడాలో తెలియదండీ. నేను పదో తరగతి. చేత్తో నేర్చుకున్న విద్య."

"చేత్తో నేర్చుకున్నదానికి వంక పెట్టట్లేదు. ఎందుకు అని అడిగే అలవాటు లేదు నీకు. అది చదువుకుంటే వస్తుంది, అందరికీ రాదనుకో. చదవకూడదా?"

"యాభై అయిదేళ్ళండీ నాకు."

"నాకు చెవులు పూర్తిగా పోయేసరికి అరవై. పెదవులు చదవడం ఆ తర్వాతే నేర్చుకున్నా."

కాఫీ తాగేసి బస్సెక్కాను.

షాపుకి వచ్చి మా ఓనరు గారితో అన్నాను, నాలుగేళ్ళలో అమ్మిన పెట్టెలన్నిటికీ ఫోన్ చేసి టిక్కు పెట్టించాలని.

"నీకేమన్నా పిచ్చా? ఎవరూ అడగలేదుగా! మనంతట మనమే ఫోన్ చేసి తప్పు చేశామని చెప్పుకుంటామా?"

"గన్నవరం టీచర్ గారు అడిగారండీ. మనమేం చేశాం? కళ్ళు పోయాయన్నాం."

ఆయన "సరే, నీ ఇష్టం. నా పేరు చెప్పకు" అన్నాడు. కౌంటర్లోని అమ్మాయి అప్పటికే రిజిస్టరు తీసి నంబర్లు రాస్తోంది. నలభై రెండు తేలాయి.

ఫోన్లు చేశాను. కొందరు "మాది బాగానే ఉందండీ" అని పెట్టేశారు. ఒకాయన తిట్టాడు. తెనాలిలో ఒకాయన "ఏవండీ, క్రికెట్‌లో బంతి సరిగా కనపడట్లేదని నేను కూడా కళ్ళద్దాలు మార్చానండీ" అన్నాడు. ఆ ఫోను మా ఓనరు గారు పక్కనుంచి విన్నాడు. మిగిలిన నంబర్ల కాగితం నా చేతిలోంచి లాక్కుని సగం ఆయనే చేశాడు, తన పేరు చెప్పి మరీ.

టీచర్ గారు ఆ ఆదివారం నుంచే మళ్ళీ కూడికకి వెళ్ళారు. వెళ్ళి, వెనక వరసలో ఇద్దరు ఆవిడ గురించి గుసగుసలాడుకున్నది మొత్తం పట్టుకుని వాళ్ళకే అప్పజెప్పారట.

నేను ఆవిడ మాట పట్టుకుని ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్, తర్వాత సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ కట్టాను. ఆదివారం క్లాసుకి మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను చూసి పిల్లలందరూ లేచి నిలబడ్డారు, లెక్చరర్ అనుకుని. వెనక బెంచీలో కూర్చుంటే ఒక పిల్లవాడు "ఇన్‌స్పెక్షనా సార్?" అని మెల్లగా అడిగాడు. ఇంగ్లీషు పేపరు నన్ను రెండుసార్లు తన్నింది. తెలుగు వ్యాసాలు గన్నవరం వెళ్ళి టీచర్ గారికి చూపించేవాణ్ణి. ఎర్ర పెన్ను పట్టుకుంటే ఆవిడకి జాలి, దయ ఉండవు. బీఏలో కంప్యూటర్ల గురించి ఒక్క ముక్క లేదు, చరిత్ర, రాజనీతి, తెలుగు. అయినా ఎందుకు అని అడగడం అక్కడే వచ్చింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ పెట్టెనైనా పాట ఆపేసి ఒకసారి చూడకుండా బయటికి పంపలేదు.

పిల్లలూ, ఇంతే సంగతి. కస్టమరు బాగాలేదంటే బాగాలేదనే అర్థం. మీకు బాగుంటే, మీరు తప్పు చోట చూస్తున్నారని అర్థం. ఇంకా చాలా నీతులు చెప్పగలను, ఇప్పుడు పట్టభద్రుణ్ణి కూడా. కానీ ఫోన్లు చేసుకోవాలి.

గన్నవరం ఫోను పని కాదు, సాయంత్రం బస్సెక్కి ఎదురుగా వెళ్ళి చెబుతాను. మిగిలినవాళ్ళు:

మా ఓనరు గారు. "దాంతో ఇప్పుడేం చేస్తావు?" అంటాడు. అననీ.

కౌంటర్లో అమ్మాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది, ఇద్దరు పిల్లలు. ఇకమీదట నన్ను వెక్కిరించాలంటే ఎంకామ్ చెయ్యాలని చెప్పాలి.

మా పెద్ద చెల్లెలు. ముందు చిన్న చెల్లెలికి చేశానని తెలియకూడదు.

క్లాసులో నన్ను ఇన్‌స్పెక్షనా అని అడిగిన పిల్లవాడు. వాడికి ఒక పేపరు ఆగిందని విన్నాను. మెల్లగా మాట్లాడాలి.

మంగలి.

ఇబ్రహీంపట్నం ఇంజినీరు గారు. ఈ కథంతా ఆయన ఆకుపచ్చ తెరతోనే మొదలైందని ఆయనకి ఇప్పటికీ తెలియదు.

నలభై రెండులో ఆ రోజు దొరకని ఇద్దరు. ఒకరి నంబరు మారిపోయింది, గుడివాడ వైపు ఎక్కడో ఉన్నారట. రెండోది రిజిస్టర్లో నేనే రాశాను, ఏడో మూడో తెలియడం లేదు. రెండూ కొట్టి చూస్తాను.